ఘంటసాల: నాన్న భుజాలెక్కి ఊరూరా తిరిగిన పిల్లాడు.. 11 ఏళ్లకే మోయాల్సి వచ్చిన మాట!

వరంగల్: హన్మకొండలో అయినా, కాజీపేటలో అయినా, పక్కన చిన్న పల్లెలో అయినా వైకుంఠ రథం కదిలిందంటే మైకులో వినిపించే గొంతు ఒక్కటే. అది ఘంటసాల భగవద్గీత. ఆ గొంతు వినపడగానే బండి పక్కకు ఆపి చేతులు జోడించే వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుడి మైకులో వేంకటేశ్వరుడి పాట అయినా, సెల్‌ఫోన్‌లో దేవదాసు పాట అయినా అదే గొంతు. ఘంటసాల వెంకటేశ్వరరావు చనిపోయి 50 ఏళ్లు దాటింది. ఇంత పెద్ద గాయకుడి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆయన కూడా ఓ గాయకుడి కొడుకే. సినిమా గాయకుడు కాదు, రికార్డులు ఇచ్చిన గాయకుడూ కాదు. అప్పట్లో కృష్ణా జిల్లా పల్లెల్లో జనం పిలిచి పాడించుకున్న తరంగాల గాయకుడు సూరయ్య కొడుకు.

భుజాల మీద మొదలైన పాట

1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గర చౌటపల్లిలో ఘంటసాల పుట్టారు. తండ్రి సూర్యనారాయణ, ఊళ్లో అందరికీ సూరయ్య. తల్లి రత్తమ్మ. సూరయ్య మృదంగం వాయించేవారు, నారాయణ తీర్థుల తరంగాలు పాడేవారు. తరంగాలంటే కృష్ణుడి కథను సంస్కృతంలో పాటలుగా కట్టినవి. వాటిని భజనల్లో పాడతారు, కూచిపూడి వాళ్లు ఆడతారు. సినిమాలు పల్లెలకు ఇంకా చేరని రోజులవి. రేడియో లేదు. రాత్రి ఊళ్లో భజన ఉందంటే అదే పెద్ద ప్రోగ్రామ్, అందులో పాడేవాడే స్టార్.

అలా ఏ ఊరి నుంచి పిలుపొచ్చినా సూరయ్య కొడుకుని భుజాన ఎక్కించుకుని బయల్దేరేవారు. తండ్రి పాడుతుంటే పిల్లాడు అడుగులేసేవాడు. చిన్న పిల్లాడు తాళం తప్పకుండా ఆడుతుంటే జనం ముచ్చటపడి బాల భరతుడు అని పేరు పెట్టారు.

ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒగ్గు కథ, చిందు యక్షగానం కుటుంబాల్లో ఇప్పటికీ పిల్లలు ఇలాగే నేర్చుకుంటారు. తండ్రి డోలు పక్కనే నిద్రపోతారు, అక్కడే లేస్తారు. ఎవరూ కూర్చోబెట్టి పాఠం చెప్పరు. వినీ వినీ అదే వస్తుంది. ఘంటసాలకు కూడా మొదటి బడి అదే.

కానీ ఆ బడి ఎక్కువ రోజులు సాగలేదు. ఆయనకు 11 ఏళ్ల వయసులో సూరయ్య చనిపోయారు. చివరి రోజుల్లో కొడుకుని దగ్గరకు పిలిచి సంగీతం ఎంత గొప్పదో చెప్పి, పెద్ద విద్వాంసుడివి కావాలని కోరారట. ఆస్తి ఏమీ ఇవ్వలేదు, ఇవ్వడానికి లేదు కూడా. ఇచ్చింది ఆ ఒక్క మాటే. కుటుంబ భారం మేనమామ ర్యాలి పిచ్చిరామయ్య మీద పడింది.

నవ్వులపాలైన రోజు

ఇక్కడ చాలా కథనాలు ఒక్క గెంతులో విజయనగరం వెళ్లిపోతాయి. నిజానికి మధ్యలో కొన్నేళ్లు ఆ పిల్లాడు తండ్రి మాటను పక్కన పెట్టేశాడు. ఊళ్లో పాడేవాడు, నాటకాలంటే సరదా. నాన్న దగ్గర విన్నది చాలు అనుకున్నాడేమో. ఆ వయసులో ఎవరైనా అలాగే అనుకుంటారు. సూరయ్య కొడుకు అన్న పేరు ఉంది, గొంతు ఉంది. ఇంకేం కావాలి?

ఒక సభలో అది సరిపోదని తెలిసొచ్చింది. సంగీతం చదువుకున్న వాళ్లతో పోటీపడి పాడబోయి ఓడిపోయాడు. జనం నవ్వారు. బాల భరతుడు అని మెచ్చుకున్న జనమే ఎగతాళి చేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. తండ్రికి ఇచ్చిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడి నుంచి గురువుల వేట. సంగీతం తెలిసిన వాళ్ల ఇళ్లలో పనికి కుదిరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతికాడు, మరో ఇంట్లో వంట చేశాడు. రెండేళ్లు అలా గడిచినా వచ్చిన సంగీతం అంతంతమాత్రమే. చివరికి చేతికున్న ఉంగరం 40 రూపాయలకు అమ్మేసి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా విజయనగరం బయల్దేరాడు.

విజయనగరంలో జోలె

విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. ఘంటసాల వెళ్లేసరికి ఆ కుర్చీలో వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు ఉన్నారు. అయితే వెళ్లిన టైం బాలేదు. వేసవి సెలవులు, కాలేజీ మూసేశారు. కుర్రాడి పరిస్థితి చూసి ద్వారం వారు కాలేజీ ఆవరణలోనే ఉండనిచ్చారు. భోజనం మాత్రం వారాలు. అంటే వారంలో రోజుకొకరి ఇంట్లో తినడం. పేద విద్యార్థులకు అప్పట్లో అది మామూలే.

తర్వాత తోటి కుర్రాళ్లు చేసిన ఆకతాయి పనికి నింద ఈయన మీద పడింది. వారాలు పెట్టే ఇళ్లు తలుపులు మూశాయి. కాలేజీలో చోటూ పోయింది. ఊరి గుడిలో తలదాచుకోవాల్సి వచ్చింది. తండ్రి మాట కోసం వచ్చి, చెయ్యని తప్పుకు రోడ్డున పడ్డ కుర్రాడు తిరిగి ఇంటికి వెళ్లిపోతే తప్పుపట్టే వాళ్లెవరూ లేరు. ఆయన వెళ్లలేదు.

అప్పుడు దొరికిన మనిషి పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చిన గురువుగారు అంటే ఆ ప్రాంతంలో తెలియని వాళ్లు లేరు. ఆయన కూడా ఉన్నవారేం కాదు. పైసా తీసుకోకుండా పాఠం చెప్పగలరు కానీ, రెండు పూటలా భోజనం పెట్టలేని సంసారం. అందుకే మధుకరం దారి చూపించారు. భుజాన జోలె కట్టుకుని, ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకోవడం.

జోలె పట్టిన మొదటి రోజు ఆ కుర్రాడి మనసులో ఏముందో గానీ, ఆగలేదు మాత్రం. పొద్దున్నే తిరిగి రెండు పూటలకు సరిపడా అన్నం తెచ్చుకునేవాడు. కొంత తిని మిగిలింది గుడ్డలో కట్టి పెట్టుకుంటే చీమలు పట్టేవి. డబ్బా కొందామంటే చేతిలో కానీ లేదు. మేనమామకు ఉత్తరం రాస్తే ఎనిమిది అణాలు పంపారని, దాంతో డబ్బా కొనుక్కున్నారని చెబుతారు. తర్వాతి రోజుల్లో ఒక్కో పాటకు నిర్మాతలను క్యూ కట్టించిన మనిషి జీవితంలో ఆ ఎనిమిది అణాల డబ్బా కూడా ఓ పెద్ద కొనుగోలే.

సెలవులయ్యాక కాలేజీలో సీటు దొరికింది. అక్కడ చదువు పూర్తి చేసి పట్టాతో చౌటపల్లి తిరిగొచ్చారు. నవ్వినవాళ్ల మధ్యే పాఠాలు చెప్పారు, పెళ్లిళ్లలో, ఉత్సవాల్లో కచేరీలు చేశారు.

జైలు, పెళ్లి, పార్కు

అంతలో 1942. క్విట్ ఇండియా ఉద్యమంలోకి దిగి అరెస్టయ్యారు. బళ్లారి దగ్గర అల్లీపురం జైలులో 18 నెలలు ఉన్నారు. బయటకు వచ్చాక 1944లో సావిత్రితో పెళ్లి. అత్తవారి ఊరు పెదపులివర్రుకు వచ్చిన సినీ రచయిత సముద్రాల రాఘవాచార్య ఈయన పాట విని మద్రాసు రమ్మన్నారు. అప్పు చేసి రైలెక్కారు.

మద్రాసులో మళ్లీ అదే కథ. సముద్రాల ఇల్లు చిన్నది, వాళ్లకు భారం కాకూడదని పానగల్ పార్కు వాచ్‌మన్‌కు నెలకు రెండు రూపాయలిచ్చి సామాను అక్కడ పెట్టుకున్నారు. రాత్రి పార్కులో పడక. మైకుకు ఈ గొంతు పనికిరాదన్న వాళ్లూ ఉన్నారు. సీతారామ జననంలో కోరస్ పాడారు, చిన్న వేషాలు వేశారు. 1945లో స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడినందుకు 116 రూపాయలు అందాయి. నటుడు పేకేటి శివరాం చొరవతో హెచ్ఎంవీ రికార్డులు వచ్చాయి. ఒకప్పుడు తల కింద ఇటుక కూడా లేకుండా పడుకున్న ఆ పార్కు పక్కనే, టి.నగర్ ఉస్మాన్ రోడ్డులో తర్వాత సొంత ఇల్లు కొనుక్కున్నారు.

తర్వాతి కథ తెలుగు వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. 1949లో మనదేశం, కీలుగుర్రం సినిమాలకు సంగీతం, 1951లో పాతాళ భైరవి, 1953లో దేవదాసు పాటలు, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ. ఎన్టీఆర్‌కు పాడినా, ఏఎన్నార్‌కు పాడినా వాళ్లే పాడినట్టు ఉండేది. ఎదురుదెబ్బలు కూడా తగిలాయి. సొంతంగా తీసిన పరోపకారం, సొంత ఊరు, భక్త రఘునాథ్ సినిమాలు డబ్బు తేలేదు. సొంత ఊరు అనే పేరు పెట్టుకున్న సినిమా కూడా నష్టపెట్టడం విచిత్రం.

ఉస్మాన్ రోడ్డు ఇంట్లో పిల్లలు

సూరయ్య కొడుకుగా పెరగడం ఒక రకం. ఘంటసాల పిల్లలుగా పెరగడం పూర్తిగా ఇంకో రకం. పాతాళ భైరవి తీసిన విజయా సంస్థ మీద గౌరవంతో పెద్ద కొడుక్కి విజయకుమార్ అని పేరు పెట్టుకున్నారు. ఆ తర్వాత రత్నకుమార్. ఆడపిల్లలూ ఉన్నారు. ఇంటి నిండా ఎప్పుడూ మనుషులే. హిందుస్తానీ దిగ్గజం బడే గులాం అలీ ఖాన్ మద్రాసు వచ్చినప్పుడు ఆ ఇంట్లోనే అతిథిగా ఉన్నారు. అలాంటి గాత్రం పక్క గదిలో సాధన చేస్తుంటే నిద్రలేచే పిల్లలు ఎంతమంది ఉంటారు?

అయితే తండ్రి మాత్రం స్టూడియోలోనే ఎక్కువ. సూరయ్య కొడుకుని భుజాన వేసుకుని కచేరీకి వెళ్లగలిగారు. రికార్డింగ్ థియేటర్‌కు అలా కుదరదు. మైకు ముందు పిల్లాడు దగ్గితే టేకు పోతుంది. పేద గాయకుడి కొడుక్కి దొరికిన తండ్రి సమయం పెద్ద గాయకుడి పిల్లలకు అంతగా దొరక్కపోవడం సినిమా ఇళ్లన్నింట్లో జరిగేదే.

విజయనగరం గురువును మాత్రం ఆయన మర్చిపోలేదు. జోలె కట్టించిన సీతారామశాస్త్రిని 1957లో మద్రాసు ఇంటికి పిలిపించి కచేరీ చేయించి సత్కరించారు. గురువు అదే ఏడాది కన్నుమూశారు. గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావు ఘంటసాల దగ్గరే హార్మోనియం వాయిస్తూ, సహాయకుడిగా చివరిదాకా ఉన్నారు. తర్వాత వెంపటి చినసత్యం కూచిపూడి నృత్య నాటకాలకు సంగీతం కూర్చారు. ఆయనా ఓ గాయకుడి కొడుకే. ఉచితంగా చదువు చెప్పిన గురువు కొడుక్కి శిష్యుడి ఇంట్లో పని, గౌరవం దొరికాయి. ఇంతకన్నా మంచి గురుదక్షిణ ఏముంటుంది?

1970లో పద్మశ్రీ. 1971లో అమెరికా, యూరప్ యాత్ర. అప్పటికే షుగర్, గుండె జబ్బు. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ సమయంలోనే గుండెనొప్పి వచ్చి ఆస్పత్రిలో చేరారు. ఆ చివరి రోజుల్లోనే భగవద్గీత రికార్డు చేశారు. ఇవాళ మనం వినేది ఆరోగ్యం సహకరించని మనిషి పాడిన గీత అని చాలామందికి తెలియదు. గొంతులో ఎక్కడా అది తెలియనివ్వలేదు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన కన్నుమూశారు. వయసు 51 ఏళ్లు. 11 ఏళ్లకు తండ్రిని పోగొట్టుకున్న మనిషి, తన పిల్లలను కూడా ఇంకా స్థిరపడని వయసులోనే వదిలి వెళ్లారు.

కొడుకుల్లో రత్నకుమార్ పేరు జనానికి బాగా తెలిసింది. కానీ పాటతో కాదు, మాటతో. ఘంటసాల కొడుకు మైకు ముందు నిలబడి పాడితే వినేవాళ్లు ఎవరితో పోలుస్తారో వేరే చెప్పాలా? ఆయన డబ్బింగ్ ఎంచుకున్నారు. తమిళం, తెలుగు కలిపి వెయ్యికి పైగా సినిమాల్లో వేరే నటులకు గొంతు ఇచ్చారు. తెర మీద ముఖం ఇంకొకరిది, గొంతు తనది. ఆలోచిస్తే తండ్రి కూడా చేసింది అదే, కాకపోతే ఆయన పాటలో.

విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు ఘంటసాల పేరు పెట్టారు. 2003లో తపాలా బిళ్ల వచ్చింది. సంగీతరావు నూరేళ్లు దాటి బతికి 2021 జూన్‌లో చెన్నైలో కన్నుమూశారు. అదే నెల 10న రత్నకుమార్ కూడా అదే నగరంలో చనిపోయారు. గురువు కొడుకు, శిష్యుడి కొడుకు రోజుల తేడాలో వెళ్లిపోయారు. కరోనా రోజులు కావడంతో ఇద్దరినీ చివరిసారి చూడటానికి అభిమానులు వెళ్లే వీలు లేకపోయింది.