చార్లెస్ హగ్గిన్స్: హార్మోన్‌తో క్యాన్సర్‌కు కళ్లెం వేసిన సర్జన్.. నోబెల్ రావడానికి పాతికేళ్లు!

క్యాన్సర్ కణం దేనికీ లొంగదు, తనంతట తానే పెరుగుతూ పోతుంది.. 1940 నాటికి చాలామంది డాక్టర్ల నమ్మకం ఇదే. దాన్ని తప్పని చూపించిన సర్జన్ చార్లెస్ బ్రెంటన్ హగ్గిన్స్.

1901 సెప్టెంబర్ 22న కెనడాలోని హాలిఫాక్స్‌లో పుట్టారు. హార్వర్డ్‌లో మెడిసిన్ చదివి, 1927లో చికాగో యూనివర్సిటీలో చేరారు. మూత్రకోశ వ్యాధుల వైద్యం ఆయన అక్కడ పని చేస్తూనే నేర్చుకున్నారు.

మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి ప్రొస్టేట్. మనుషుల్లాగే ముసలి కుక్కలకూ అందులో గడ్డలు వస్తాయి. వాటి వృషణాలు తీసేసినా, ఆడ హార్మోన్ ఈస్ట్రోజన్ ఇచ్చినా గడ్డ చిక్కిపోవడం హగ్గిన్స్ గమనించారు. అంటే దాన్ని పెంచి పోషిస్తున్నది మగ హార్మోనే.

మరి మనుషుల్లో? క్యాన్సర్ బాగా ముదిరిన 21 మందికి వృషణాలు తొలగిస్తే 15 మంది తేరుకున్నారు. ఎముకల నొప్పితో మంచం పట్టినవాళ్లకు ఉపశమనం దొరికింది. రక్తంలో ఫాస్ఫటేజ్ ఎంజైమ్ కొలిచి ఆ మార్పును అంకెల్లోనూ చూపించారు. ఇదంతా 1941లో. అప్పటికి ఆయనకు నలభై కూడా నిండలేదు.

ఆపరేషన్ ఒక్కటే దారి కాలేదు. 1938లో బ్రిటన్‌లో చార్లెస్ డాడ్స్ బృందం తయారుచేసిన కృత్రిమ ఈస్ట్రోజన్ స్టిల్‌బెస్ట్రాల్ ఉంది. చౌక, మాత్రలా మింగేయొచ్చు. అయితే ఊరికే ఏదీ రాదు కదా! రొమ్ములు ఉబ్బడం, రక్తం గడ్డకట్టడం, గుండె జబ్బులు.. పైగా చాలామందికి కొన్నాళ్లకు క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టేది. ఇది పూర్తిగా నయం చేసే వైద్యం కాదు, అదుపు చేసేది మాత్రమే.

ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లోనూ ఆయన ఇదే దారి పట్టారు. 1950ల మొదట్లో కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తొలగించి, ఆ లోటు తీర్చడానికి కార్టిసోన్ ఇచ్చారు.

నోబెల్ వచ్చింది 1966లో. ఆ బహుమతి పంచుకున్న పేటన్ రౌస్‌దైతే ఇంకా విచిత్రం. 1911 నాటి పరిశోధనకు 55 ఏళ్లు ఆగాల్సి వచ్చింది!

1985లో అమెరికాలో ల్యూప్రోలైడ్‌కు అనుమతి దొరికింది. ఇది మెదడు విడుదల చేసే ఒక హార్మోన్‌కు కృత్రిమ నకలు. మొదట కొద్దిరోజులు మగ హార్మోన్‌ను పెంచుతుంది. ఆ తర్వాత పిట్యూటరీ గ్రంథి స్పందించడం మానేస్తుంది, దాంతో మగ హార్మోన్ పడిపోతుంది. కత్తి పెట్టకుండానే ఆపరేషన్ ఫలితం అన్నమాట. ఎండోమెట్రియోసిస్‌కు, పిల్లల్లో వయసుకు ముందే వచ్చే యుక్తవయసు లక్షణాలకూ ఈ మందును వాడుతున్నారు.

ఆ మందు వాడకంలోకి వచ్చాక మరో పదకొండేళ్లకు పైగా హగ్గిన్స్ జీవించారు. 1997 జనవరి 12న, 95 ఏళ్ల వయసులో చికాగోలో కన్నుమూశారు.