క్రమశిక్షణే రెక్కలుగా... జె.ఆర్.డి. టాటా

మన విజయనగరం జిల్లా భోగాపురంలో విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. పైలట్ కావాలంటే గుండె ధైర్యం ఒక్కటి చాలునని మేమంతా అనుకునేవాళ్ళం. జె.ఆర్.డి. టాటా గారి జీవితం చదివాక ఆ అభిప్రాయం మార్చుకున్నాం.

1904 జూలై 29న పారిస్‌లో పుట్టిన ఆయన 1929 ఫిబ్రవరిలో మన దేశంలో మొట్టమొదటి పైలట్ లైసెన్సు పొందారు. 1930లో ఇంగ్లండుకూ భారతదేశానికీ మధ్య ఒంటరిగా విమానం నడిపే పోటీలో పాల్గొన్నారు. ఈజిప్టులో ప్రత్యర్థి ఆస్పీ ఇంజనీర్ స్పార్క్ ప్లగ్ లేక ఆగిపోయి ఉంటే, తన దగ్గరున్న అదనపు ప్లగ్ ఇచ్చేశారు. చివరకు ఆస్పీయే గెలిచారు. అదనపు ప్లగ్ వెంట ఉంచుకోవడం ముందుచూపు, దాన్ని పోటీదారుకు ఇవ్వడం సంస్కారం.

1932 అక్టోబరు 15న టపా సంచులతో కరాచీ నుంచి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి ఆయనే విమానం నడిపారు. ఆ సంస్థే తరువాత ఎయిర్ ఇండియా అయింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వంతో కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్‌నూ టాటాలు నడిపారు. 1953లో ఎయిర్ ఇండియాను జాతీయం చేశాక కూడా ఆయనే ఛైర్మన్. ప్రయాణించినప్పుడల్లా కంటబడిన చిన్న చిన్న లోపాలను సైతం రాసి అధికారులకు పంపేవారు.

అంతటి సంస్థకూ దెబ్బ తగిలింది. 1978 జనవరి 1 రాత్రి బొంబాయిలో బయలుదేరిన విమానం సముద్రంలో కూలి 213 మంది మరణించారు. విమానం ఏ పక్కకు ఒరిగిందో చూపే కెప్టెన్ పరికరం చెడిపోయింది. మిగతా పరికరాలను చూసి సరిదిద్దుకోలేకపోయారని విచారణలో తేలింది. ఆ ఫిబ్రవరిలోనే ప్రభుత్వం టాటా గారిని పదవి నుంచి తప్పించింది. 1993 నవంబరు 29న ఆయన కన్నుమూశారు.

ఆ తరువాతి కాలంలో ప్రపంచమంతటా విమాన సంస్థలు పైలట్లకు ఒక కొత్త పాఠం నేర్పాయి. కెప్టెన్ పొరబడితే పక్కనున్న చిన్నవాడు వెంటనే చెప్పాలి, కెప్టెన్ వినాలి.

మిత్రులారా! హాస్టల్లో స్విచ్ బోర్డులో నిప్పురవ్వ కనబడినా సీనియర్లకు చెప్పడానికి చిన్న తరగతుల పిల్లలు జంకుతారు. ఒకప్పుడు మేమూ జంకినవాళ్ళమే. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీరు చెప్పండి. పెద్దవాళ్ళమైన మేము వింటాం. రేపు మీలో ఎవరైనా విమానం నడిపితే, ఈ అలవాటే మీకూ ప్రయాణికులకూ రక్ష.