మామిడిపూడి వేంకటరంగయ్య

మామిడిపూడి వేంకటరంగయ్య 1889లో నెల్లూరు జిల్లా పురిణి గ్రామంలో జన్మించారు. ఆంధ్ర, బొంబాయి విశ్వవిద్యాలయాలలో ఆచార్యులుగా రాజనీతిశాస్త్రాన్ని బోధించారు. పలు భాషలు, మతాలు, కులాలు గల దేశంలో ఐక్యత, ప్రజాస్వామ్యం కలసి నిలవగలవా అన్న ప్రశ్న ఆయన కృషికి నేపథ్యం. కేంద్రానికీ రాష్ట్రాలకూ అధికారాన్ని పంచే సమాఖ్య విధానంపై గ్రంథం రచించారు.

1951-52 తొలి సాధారణ ఎన్నికలలో నిరక్షరాస్యులకూ ఓటుహక్కు లభించింది. దానిని వారు సద్వినియోగం చేసుకోగలరా అని పలువురు శంకించారు. వేంకటరంగయ్య ఊహలతో తృప్తిపడక, బహుభాషా నగరమైన బొంబాయిలో ఆ ఎన్నికలు జరిగిన తీరును పరిశీలించి గ్రంథస్థం చేశారు.

అనంతరం ఆంధ్రలో స్వాతంత్ర్యోద్యమ చరిత్రను ఆంగ్లంలో నాలుగు సంపుటాలుగా వెలువరించారు. 1968లో పద్మభూషణ్ పురస్కారం అందుకున్నారు. 1982లో కన్నుమూశారు. భేదాలను అణచివేయకుండా ఐక్యతను కోరే సమాజానికి ఆయన కృషి మార్గదర్శకం.