నేలను చదివిన మనీషి – ఆల్డో లియోపోల్డ్

వన్యప్రాణి సంరక్షణ అనగానే మనకు అభయారణ్యాలు, జాతీయ ఉద్యానవనాలు స్ఫురిస్తాయి. జనసంచారం లేని కీకారణ్యాలలోనే మృగాలకు, పక్షులకు రక్షణ లభిస్తుందని భావిస్తాం. కాని భూమిపై నివాసయోగ్యమైన నేలలో దాదాపు సగం సేద్యానికి, పశువుల మేతకు వినియోగమవుతోంది. అంత విశాలమైన నేలలో పిట్ట గూడు కట్టుకోవడానికి ఒక పొద దొరకకపోతే, అభయారణ్యాలు మాత్రమే ఎన్ని ప్రాణులను కాపాడగలవు? ఈ ప్రశ్నను ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలోనే లేవనెత్తి, దానికి సమాధానాన్ని రైతు పొలంలో వెదికిన శాస్త్రవేత్త ఆల్డో లియోపోల్డ్.

లియోపోల్డ్ 1887 జనవరి 11వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ నది ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి కార్ల్ లియోపోల్డ్ రాతబల్లలు తయారుచేయించే వ్యాపారి. తల్లి క్లారా. వారి నలుగురు సంతానంలో ఆల్డో పెద్దవాడు. ఆ నదీలోయ వలసపక్షులకు రాజమార్గం. ఏటా శరదృతువులోను, వసంతంలోను గుంపులు గుంపులుగా సాగిపోయే బాతులను చూస్తూ ఆల్డో పెరిగాడు. తండ్రికి వేట అంటే మక్కువ ఎక్కువ. అయినా పక్షులు గూళ్లు కట్టుకోవడానికి తరలివెళ్లే వసంతకాలంలో వాటిని వేటాడరాదని ఆయన తనకు తానే నియమం విధించుకున్నాడు. అప్పటికి అటువంటి చట్టం ఏదీ లేదు. చూసేవారు లేనిచోట కూడా చేయి తానై వెనుకకు తీసుకోవడం ఆల్డో నేర్చుకున్న తొలి పాఠం. దాని లోతు ఆయనకు బోధపడటానికి చాలా కాలం పట్టింది.

లియోపోల్డ్ యేల్ విశ్వవిద్యాలయంలో అటవీశాస్త్రం అభ్యసించి, 1909లో పట్టం పొందాడు. అదే సంవత్సరం అటవీశాఖలో చేరి, అరిజోనా ప్రాంతంలోని అపాచీ జాతీయారణ్యంలో ఉద్యోగిగా అడుగుపెట్టాడు. తోడేళ్లు తగ్గితే జింకలు పెరుగుతాయని, జింకలు పెరిగితే అడవికి మేలు కలుగుతుందని ఆనాటివారి విశ్వాసం. యువకుడైన లియోపోల్డ్ కూడా దానినే నమ్మాడు. ఒకనాడు కొండచరియ కింద వాగు దాటుతున్న తోడేళ్ల గుంపుపై ఆయన, ఆయన సహచరులు తుపాకులు పేల్చారు. నేలకొరిగిన తల్లి తోడేలును ఆయన సమీపించేసరికి దాని కళ్లలో కాంతి ఆరిపోతూ ఉంది. తాను ఏదో పెద్ద పొరపాటు చేశానన్న శంక ఆ క్షణంలో తన మనసులో మెదిలిందని ఆయన సుమారు 35 సంవత్సరాల తరువాత, 1944లో ఒక వ్యాసంలో ఒప్పుకొన్నాడు. తోడేళ్లను, కొండసింహాలను పెద్దసంఖ్యలో హతమార్చిన కైబాబ్ పీఠభూమిలో జింకల సంతతి విపరీతంగా పెరిగింది. అవి చిగుళ్లన్నీ మేసివేసి, 1920ల మధ్యకాలంలో ఆకలితో వేలసంఖ్యలో మరణించాయి. ఒక ప్రాణిని మాత్రమే విడిగా ప్రేమించడం సంరక్షణ కాదని ఇటువంటి అనుభవాలు లియోపోల్డ్‌కు క్రమంగా నేర్పాయి.

1912లో ఆయన ఎస్టెల్లా బెర్జియర్‌ను వివాహమాడాడు. మరుసటి సంవత్సరం ఉద్యోగరీత్యా తిరుగుతూ తుపానులో చిక్కుకొని, మూత్రపిండాల వ్యాధికి గురై మృత్యుముఖం దాకా వెళ్లి వచ్చాడు. కోలుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. న్యూమెక్సికోలోని గీలా ప్రాంతాన్ని రోడ్లు, కట్టడాలు లేని సహజారణ్యంగా నిలపాలని ఆయన చేసిన ప్రతిపాదన 1924లో ఫలించింది. అమెరికాలో అటువంటి రక్షణ పొందిన మొదటి అరణ్యం అదే. అదే సంవత్సరం ఆయన విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ నగరానికి బదిలీ అయ్యాడు. అప్పటివరకు అడవులను గురించి ఆలోచించిన లియోపోల్డ్ దృష్టి ఇక్కడ పొలాలపైకి మళ్లింది.

1928లో ఆయన అటవీశాఖ ఉద్యోగాన్ని వదలి, ఉత్తర మధ్య రాష్ట్రాలలో వేటపక్షుల, జంతువుల స్థితిగతులపై సర్వే చేపట్టాడు. రాష్ట్రం తరువాత రాష్ట్రం తిరిగి, రైతులతో, వేటగాళ్లతో మాట్లాడి సేకరించిన వివరాలను 1931లో నివేదికగా ప్రచురించాడు. పక్షులు తగ్గిపోవడానికి తుపాకి ఒక్కటే కారణం కాదని ఈ సర్వే తేల్చింది. రైతులు ప్రతి అంగుళం నేలనూ సాగులోకి తేవాలనే తపనతో కంచెల వెంట ఉన్న పొదలను నరికివేస్తున్నారు. చిత్తడి నేలలను ఎండగడుతున్నారు. చెట్ల తోపులలో పశువులను మేపి నేలను బోడి చేస్తున్నారు. వేటను పూర్తిగా నిషేధించినా, ఉండటానికి చోటు లేని పక్షి బతకదు.

ఈ పరిశోధన ఫలితంగా వెలువడిన గ్రంథం 'గేమ్ మేనేజ్‌మెంట్'. 1933లో ప్రచురితమైన ఈ గ్రంథం వన్యప్రాణి నిర్వహణను ఒక శాస్త్రంగా నిలబెట్టింది. అదే సంవత్సరం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆ విషయంలో ఆచార్య పదవిని కొత్తగా ఏర్పరచి ఆయనను నియమించింది. ఆ పదవి వ్యవసాయ అర్థశాస్త్ర విభాగంలో ఉండటం గమనించదగిన విషయం.

లియోపోల్డ్ బోధించిన పద్ధతి సులభమైనది. బాబ్‌వైట్ అనే పూరేడు జాతి పిట్టను ఉదాహరణగా తీసుకొందాం. దానికి గూడు కట్టుకోవడానికి గడ్డి కావాలి. శత్రువు నుండి దాక్కోవడానికి పొద కావాలి. తినడానికి పంటచేలో రాలిన గింజలు కావాలి. ఒదిగి ఉండటానికి చెట్ల నీడ కావాలి. ఈ నాలుగూ అది ఒక రోజులో నడవగలిగినంత దూరంలోనే ఉండాలి. ఒక మూల అంతా గడ్డి, మరొక మూల అంతా పంట, ఎక్కడో దూరాన తోపు ఉంటే ఆ పిట్టకు ప్రయోజనం లేదు. భిన్నమైన నేలలు ఒకదానినొకటి తాకే అంచులు ఎంత అధికంగా ఉంటే ప్రాణులు అంత అధికంగా ఉంటాయి. కాబట్టి పొలంలో ఏ ప్రాణులున్నాయో ముందుగా లెక్కించాలి. వాటి అవసరాలలో ఏది కొరవడిందో గుర్తించాలి. ఆ లోటును పూరించాలి. దీనికోసం రైతు సారవంతమైన నేలను వదులుకోనక్కరలేదు. కంచె మూల, వాగు గట్టు, నాగలి తిరగని ఏటవాలు, కోతపడిన గండి వంటివి చాలు. ఏ గొడ్డలి, ఏ నాగలి, ఏ పశువు, ఏ నిప్పు, ఏ తుపాకి ప్రాణులను నశింపజేశాయో, వివేకంతో వాడితే అవే వాటిని తిరిగి తేగల సాధనాలని ఆయన ప్రతిపాదించాడు.

ఈ సిద్ధాంతం పుస్తకానికే పరిమితం కాలేదు. 1931లో మాడిసన్‌కు సమీపంలోని రైలీ గ్రామం వద్ద ఆయన ఒక రైతును కలుసుకొన్నాడు. అనుమతి లేకుండా పొలాలలో చొరబడే వేటగాళ్లతో ఆ రైతు విసిగిపోయి ఉన్నాడు. లియోపోల్డ్‌కు, ఆయన మిత్రులకు వేటాడటానికి చోటు కావాలి. ఇరువురి అవసరాలూ కలిసి ఒక సహకార సంఘమైంది. పదకొండు రైతు కుటుంబాలు, కొందరు పట్టణవాసులు ఇందులో చేరారు. సుమారు 1,700 ఎకరాలలో రైతులు నేలనిచ్చారు, పట్టణవాసులు సొమ్మునిచ్చారు, శ్రమను ఇరువురూ పంచుకొన్నారు. పొదలు నాటారు. మంచు కురిసే నెలలలో పక్షులకు గింజలు పెట్టారు. చొరబాట్లు తగ్గి, పక్షులు పెరిగాయి.

ఇంతకంటె పెద్ద ప్రయత్నం 1933లో నైరుతి విస్కాన్సిన్‌లోని కూన్ వ్యాలీలో ఆరంభమైంది. అది నిటారైన కొండల నడుమ పాడిపశువులతో జీవించే రైతుల లోయ. కొండవాలును పైనుండి కిందికి దున్నడం వలన, వాలులపై పశువులను మేపడం వలన వానపడినప్పుడల్లా మట్టి కొట్టుకుపోయి, పొలాల నడుమ పెద్ద పెద్ద గండ్లు ఏర్పడ్డాయి. స్వచ్ఛమైన వాగులు బురద కాలువలయ్యాయి. సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం దేశంలో మొదటిసారిగా ఒక వాగు పరీవాహక ప్రాంతమంతటినీ నేల సంరక్షణ ప్రదర్శన క్షేత్రంగా ఎంచుకొన్నది. లియోపోల్డ్ దానికి సలహాదారుగా వ్యవహరించాడు. వందలాది రైతులు అయిదేళ్ల ఒప్పందాలపై సంతకాలు చేశారు. వాలుకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా పైర్లు వేశారు. ఏటవాలులకు కంచె కట్టి పశువులను రానివ్వలేదు. గండ్లలో చెట్లు, పొదలు నాటారు. మట్టిని ఆపిన పొదే పిట్టకు నీడనిచ్చింది. నేల, నీరు, పంట, పక్షి అనే నాలుగింటికీ వేరువేరు శాఖలు, వేరువేరు పథకాలు పనికిరావని, ఒక్కొక్క పొలానికి ఒకే సమగ్ర ప్రణాళిక ఉండాలని ఈ ప్రయోగం నిరూపించింది. ఆ లోయలో నేలకోత తరువాతి దశాబ్దాలలో ఎంతగానో తగ్గినట్లు శాస్త్రజ్ఞులు నిర్ధారించారు.

ఇతరులకు చెప్పిన పనిని తాను చేసి చూపాలని లియోపోల్డ్ సంకల్పించాడు. 1935లో విస్కాన్సిన్ నది ఒడ్డున, బారబూ పట్టణానికి సమీపంలో ఎనభై ఎకరాల పాడుబడిన ఇసుక పొలాన్ని కొన్నాడు. పూర్వపు యజమానులు దాని సారమంతా పిండుకొని వదిలిపెట్టారు. ఇల్లు కాలిపోయింది. మిగిలినది ఒక కోళ్ల కొట్టం మాత్రమే. లియోపోల్డ్ దంపతులు, వారి అయిదుగురు పిల్లలు పేడను ఎత్తిపోసి, ఆ కొట్టాన్నే నివాసంగా మార్చుకొన్నారు. సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్లేవారు. 1936 వసంతంలో వేల పైన్ మొక్కలు నాటారు. ఆ వేసవిలో వచ్చిన అనావృష్టికి దాదాపు అన్నీ ఎండిపోయాయి. మరుసటి ఏడు మళ్లీ నాటారు. ఆపై ప్రతి వసంతంలోనూ నాటారు. ఆయన జీవితకాలంలో ఆ పొలంలో నాటిన మొక్కలు పదుల వేలు.

ఆ పొలంలో లియోపోల్డ్ తెల్లవారకముందే లేచి, ఏ పక్షి ఎంత వెలుగు రాగానే కూసిందో వరుసగా రాసుకొనేవాడు. ఏ పువ్వు ఏ తేదీన విచ్చినదో, వలసపక్షులు ఏనాడు తిరిగివచ్చాయో నమోదు చేసేవాడు. ఆనాడు అది ఒక ఇష్టమైన అలవాటు మాత్రమే. అయితే ఆయన కుమార్తె నీనా ఆ నమోదును తిరిగి కొనసాగించింది. తండ్రి లెక్కలతో పోల్చి చూసినప్పుడు, వసంతపు గుర్తులు అనేకం ముందుకు జరిగాయని తేలింది. 1999లో ప్రచురితమైన ఆ అధ్యయనం వాతావరణ మార్పునకు ఒక విలువైన సాక్ష్యంగా నిలిచింది.

ఇన్ని విజయాల నడుమ లియోపోల్డ్‌ను ఒక నిరాశ వెంటాడింది. విస్కాన్సిన్ శాసనసభ 1937లో నేల సంరక్షణ చట్టం చేసింది. తమ నేలను ఎలా వాడుకోవాలో నియమాలు రాసుకొనే అధికారాన్ని అది రైతులకే అప్పగించింది. సాంకేతిక సహాయం, యంత్రాలు సమకూర్చింది. దాదాపు పదేళ్లు గడిచినా ఏ ఒక్క కౌంటీలోనూ ఒక్క నియమమైనా రాయలేదు. వెంటనే లాభమిచ్చే పద్ధతులను రైతులు స్వీకరించారు. ఊరందరికీ మేలు చేసేవైనా, తమకు స్పష్టమైన లాభం చూపనివాటిని పక్కన పెట్టారు. ఇందుకు లియోపోల్డ్ రైతులను నిందించలేదు. సంరక్షణను లాభంగా మాత్రమే బోధించిన తనవంటివారి విద్యలోనే లోపం ఉన్నదని గ్రహించాడు. చట్టం చేయలేనిది, ధనం కొనలేనిది మరొకటి కావాలి. వసంతంలో తుపాకిని పక్కన పెట్టిన తండ్రిలో ఉన్నది అదే.

ఈ ఆలోచన నుండి పుట్టినదే భూనీతి. మనిషికి మనిషిపట్ల బాధ్యత ఉన్నట్లే, నేలపట్ల, నీటిపట్ల, మొక్కలపట్ల, ప్రాణులపట్ల కూడా బాధ్యత ఉంది. మనిషి భూమికి విజేత కాడు, దానిలోని సభ్యుడు. సమస్త జీవరాశి సమగ్రతను, స్థిరత్వాన్ని, సౌందర్యాన్ని నిలిపే పని మంచిది. వాటిని చెరిపే పని చెడ్డది. ఇది భూనీతి సారాంశం. రైతు సేద్యం మానాలని ఆయన ఏనాడూ చెప్పలేదు. పొలం రైతు చేతి సంతకమని, ఆ సంతకంలో అతని మనసు కనబడాలని ఆయన ఆశించాడు.

1948 ఏప్రిల్‌లో ఆయన వ్యాససంపుటిని ప్రచురించడానికి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం అంగీకరించింది. ఆ వార్త అందిన వారం రోజులకే, ఏప్రిల్ 21న, పొరుగు పొలంలో గడ్డికి నిప్పంటుకొన్నది. ఆ మంటను ఆర్పడానికి వెళ్లిన లియోపోల్డ్ గుండెపోటుతో అక్కడే కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 61 సంవత్సరాలు. ఆయన చివరి శ్రమ కూడా ఇరుగుపొరుగుల నేలను కాపాడటానికే వినియోగపడింది.

మరుసటి సంవత్సరం వెలువడిన 'ఎ శాండ్ కౌంటీ అల్మనాక్' ఇరవై లక్షలకు పైగా ప్రతులు అమ్ముడై, అనేక భాషలలోకి అనువాదమైంది. ఆయన సంతానం అయిదుగురూ ప్రకృతి శాస్త్రాలలో కృషి చేశారు. వారిలో ముగ్గురు అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీకి ఎన్నికయ్యారు. ఆ కోళ్ల కొట్టాన్ని, పొలాన్ని అమెరికా ప్రభుత్వం 2009లో జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. లియోపోల్డ్ కాలంలో విస్కాన్సిన్‌లో అంతరించిపోతాయనుకొన్న శాండ్‌హిల్ క్రేన్ అనే సారస జాతి పక్షులు నేడు ఆ నది ఇసుకతిన్నెలపై వేలసంఖ్యలో వాలుతున్నాయి.

ఒకప్పుడు గింజ పండని ఆ ఇసుక నేలలో నేడు పైన్ చెట్లు ఆకాశాన్ని తాకుతున్నాయి. వాటిని నాటమని ఏ చట్టమూ ఆదేశించలేదు, నాటినందుకు ఎవరూ కూలి చెల్లించలేదు. తన పొలం గట్టున ఒక పొదను మిగల్చాలా, నరకాలా అని యోచించే ప్రతి రైతు ముందూ లియోపోల్డ్ నిలిపిన ప్రశ్న నేటికీ ఉంది. దానికి సమాధానం ఆ రైతు చేతిలోని కొడవలే చెప్పాలి.