నాడీకణాలను చిత్రించిన కహాల్

పిన్నలకు నాడీమండలాన్ని గూర్చి చెప్పవలసినప్పుడు దానిని టెలిఫోను తీగలతో పోల్చడం మాకు అలవాటు. పోలిక సులభమే గాని, పూర్తిగా సరియైనది కాదు. తీగ ఏకఖండంగా సాగుతుంది. నాడీమార్గం వేరువేరు కణాలతో ఏర్పడింది. ఈ సత్యాన్ని లోకానికి చూపినవాడు స్పెయిన్ దేశీయుడు సాంటియాగో రమోన్ ఇ కహాల్.

ఆయన 1852 మే 1న పెతియా అనే కుగ్రామంలో జన్మించాడు. తండ్రి వైద్యుడు. బాలునికి బొమ్మలు గీయడమే ప్రాణం. తండ్రి దానిని వ్యర్థవ్యసనంగా ఎంచి, కొంతకాలం మంగలి వద్దను, చెప్పులు కుట్టేవాని వద్దను పనికి పెట్టాడు. పిదప తానే ఎముకల శాస్త్రం బోధింపగా, బొమ్మలు గీసిన ఆ చేయి శరీరనిర్మాణాన్ని గీయసాగింది. 1873లో వైద్యపట్టం పొందిన కహాల్ సైనిక వైద్యుడుగా క్యూబా వెళ్లి, మలేరియా పాలై తిరిగి వచ్చాడు.

నాడులన్నీ అతుక్కుపోయిన ఒకే వల అని ఆనాటి పండితులలో అనేకుల విశ్వాసం. ఇటలీ శాస్త్రజ్ఞుడు కమిల్లో గోల్జీ వెండి లవణంతో కొద్ది కణాలకు మాత్రమే నల్లరంగు పట్టించే పద్ధతిని 1873లో ప్రకటించాడు. 1887లో కహాల్ దానిని చూచి, మెరుగుపరచి, లేత పక్షిపిల్లల మెదళ్లపై ప్రయోగించాడు. ఎదిగిన మెదడులో పోగులు చిక్కుపడి ఉంటాయి. లేత మెదడులో కణాలు విడివిడిగా కనబడతాయి. ప్రతి కణం ప్రత్యేకమేనని, పక్క కణానికి అతుక్కోక సమీపంలో ఆగిపోతుందని 1888లో ఆయన గ్రహించాడు. సందేశం కొమ్మలవంటి పోగుల ద్వారా కణంలోనికి వచ్చి, పొడవైన పోగు ద్వారా వెలికి పోతుందని కూడా ఊహించాడు.

1889లో బెర్లిన్ సభకు తన సూక్ష్మదర్శినితో వెళ్లాడు. వయోవృద్ధుడైన కోలికర్ ఆ పలకలను చూచి, తన పూర్వాభిప్రాయాన్ని విడనాడాడు. 1906లో నోబెల్ బహుమతి గోల్జీకి, కహాల్‌కు కలిపి లభించింది. అయినను గోల్జీ ఆ వేదికపైనే వలవాదాన్ని సమర్థించాడు. కహాల్ 1934 అక్టోబరు 17న మాడ్రిడ్‌లో కన్నుమూశాడు. కణాల నడుమ సన్నని ఎడము ఉన్నదని 1950వ దశకంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రుజువు చేసింది. చాలాచోట్ల రసాయనాలే సందేశాన్ని ఆ ఎడము దాటిస్తాయి.

కనుక ఇప్పుడు మేము పిల్లలకు తీగను గాక, వరుసగా నిలిచి నీళ్లబిందెలు చేతికి చేయి అందించుకొనే జనాన్ని చూపుతాము. కాలికి ముల్లు గుచ్చుకొనగానే కబురు వెన్నుపామును చేరుతుంది. నొప్పి తెలియకమునుపే కాలు వెనుకకు వస్తుంది. పాఠం నడుమ బొమ్మలు గీసే విద్యార్థిని మందలించబోయే ముందు, ఆ కాగితాన్ని ఒకసారి చూడటం మా ఉపాధ్యాయుల విధి.