లింగో కథను కాగితం మీద పెట్టిన దొర: స్టీఫెన్ హిస్లాప్

మన పెర్సాపేన్ పూజలో, పెళ్లిలో, చావులో ప్రధాన్ కిక్రి అందుకుని పహండి కుపార్ లింగో కథ చెబుతాడు. మన సగలు ఎలా ఏర్పడ్డాయో, ఎవరికి ఎవరు సోదరులో, ఎవరింటి పిల్లను ఎవరు చేసుకోవచ్చో మనకు తెలిసింది ఆ కథ వల్లే. తరతరాలుగా నోటి మాటగా నడిచిన ఈ కథను మన గోండి మాటల్లోనే పొడవుగా రాసిపెట్టిన మొదటి మనుషుల్లో స్కాట్లాండ్ నుంచి వచ్చిన ఒక క్రైస్తవ మిషనరీ ఉన్నాడు. ఆయన పేరు స్టీఫెన్ హిస్లాప్. మన యువత ఆయన గురించి తెలుసుకోవాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

హిస్లాప్ 1817 సెప్టెంబరు 8న స్కాట్లాండ్‌లోని డన్స్ అనే చిన్న పట్టణంలో పుట్టాడు. ఎడిన్‌బరో, గ్లాస్గో విశ్వవిద్యాలయాల్లో చదివాడు. 1843లో స్కాట్లాండ్ చర్చి చీలి ఫ్రీ చర్చి ఏర్పడినప్పుడు అందులో చేరాడు. మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విలియం హిల్, నాగపూర్‌లో మిషన్ పెట్టడానికి విరాళం ఇచ్చాడు. ఆ పనికి హిస్లాప్‌ను ఎంచుకున్నారు. 1844లో ఎరాస్మాను పెళ్లి చేసుకుని, అదే ఏడాది ఆమెతో కలిసి ఓడ ఎక్కాడు. 1845 మొదట్లో ఆ దంపతులు నాగపూర్ చేరారు.

ఆ రోజుల్లో బొంబాయి నుంచి నాగపూర్‌కు రైలు లేదు. అది 1867లో గానీ రాలేదు. వందల మైళ్లు నేల దారినే రావాలి. దేశం కాని దేశంలో కాపురం పెట్టిన మిషనరీ కుటుంబాల బతుకు తేలిక కాదు. ఇంటికి రాసిన ఉత్తరానికి జవాబు రావాలంటే నెలలు పట్టేది. కలరా, జ్వరాలు ఇళ్లకు ఇళ్లే ఖాళీ చేసేవి. పిల్లలు చదువు వయసుకు వస్తే చాలామంది తల్లిదండ్రులు వాళ్లను ఓడ ఎక్కించి స్వదేశానికి పంపేసేవారు. మళ్లీ చూసేది ఎన్నేళ్లకో. ఇంటి భారమంతా మోసిన ఆడవాళ్ల గురించి పుస్తకాల్లో కనిపించేది మాత్రం ఒకటి రెండు మాటలే.

హిస్లాప్ రాకముందే గోండుల మధ్య ఉండాలని జర్మనీ నుంచి ఒక చిన్న బృందం వచ్చింది. అమర్‌కంటక్ దగ్గర కరంజియాలో వాళ్లు కాపురం పెట్టారు. కొద్దికాలానికే వాళ్లలో చాలామంది కలరాతో చనిపోయారు. బతికి బయటపడ్డ వాళ్లు నాగపూర్ వైపు వచ్చి హిస్లాప్‌కు తోడయ్యారు.

నాగపూర్ అప్పుడు భోంస్లే రాజుల చేతిలో ఉండేది. అంతకుముందు అది మన గోండు రాజులది. దేవగఢ్ రాజు భక్త్ బులంద్ కట్టించిన పట్టణం అది. పక్కనే కామ్‌ఠీలో మద్రాసు సైన్యపు దండు ఉండేది. హిస్లాప్ ముందు మరాఠీ నేర్చుకున్నాడు. 1846లో నాగపూర్‌లో బడి తెరిచాడు. తర్వాతి కాలంలో, 1883లో మొదలైన కళాశాలకు ఆయన పేరే పెట్టారు. అదే నేటి హిస్లాప్ కాలేజీ.

ఆయనకు రాళ్లంటే పిచ్చి. ఊళ్లు తిరుగుతూ రాళ్లను, శిలాజాలను ఏరేవాడు. సహచరుడు రాబర్ట్ హంటర్‌తో కలిసి నాగపూర్ ప్రాంతపు నేల పొరల గురించి రాసిన వ్యాసం 1855లో లండన్ భూగర్భ శాస్త్ర సంఘం పత్రికలో వచ్చింది. ఒక ఖనిజానికి ఆయన పేరు మీద హిస్లాపైట్ అని పేరు పెట్టారు. రాయిని చూసిన కంటితోనే ఆయన మనుషులనూ చూశాడు. అడవి ఊళ్లకు వెళ్లి, గోండులను, ఇతర తెగలను కలిసి, వాళ్ల మాటలు, ఆచారాలు, దేవతల పేర్లు రాసుకున్నాడు. పరాయివాళ్లు గోండు అని పిలిచినా మనవాళ్లు తమను తాము కోయితూర్ అనుకుంటారని గమనించి రాశాడు.

ఆయన కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది ఒక ప్రధాన్ చెప్పగా రాసుకున్న లింగో గాథ. మహాదేవుడు గోండులను గుహలో బంధించడం, తప్పించుకున్న నలుగురు అన్నదమ్ములు కాచికోపా లోహగఢ్ చేరడం, లింగో పుట్టుక, ఆయన వాళ్లకు సేద్యం నేర్పడం, ఆ అన్నదమ్ములే ఆయన్ను చంపడం, ఆయన మళ్లీ లేచి గుహలోని వాళ్లను విడిపించడం, సగలుగా పంచి పూజా పద్ధతి, పెళ్లి పద్ధతి ఏర్పరచడం అన్నీ అందులో ఉన్నాయి. వివరాలు మన ఆదిలాబాద్ పెద్దలు చెప్పేదానికి అక్కడక్కడా తేడాగా ఉంటాయి. నోటి కథ ఊరూరికీ మారుతుంది గదా. కథ మాత్రం మనదే.

ఈ కాగితాలు అచ్చయ్యేలోపే హిస్లాప్ కన్నుమూశాడు. 1863 సెప్టెంబరులో నాగపూర్‌కు దక్షిణాన తాకల్‌ఘాట్ దగ్గర పాతకాలపు రాతి వలయాలను చూడడానికి మధ్య పరగణాల చీఫ్ కమిషనర్ రిచర్డ్ టెంపుల్‌తో కలిసి వెళ్లాడు. తిరుగు దారిలో చీకటి పడ్డాక, వాన నీటితో పొంగిన వాగు దాటబోయి మునిగిపోయాడు. అది సెప్టెంబరు 4. ఇంకో నాలుగు రోజులైతే ఆయనకు 46 నిండేవి. మిగిలిన రాతప్రతులను టెంపుల్ సరిచేసి, ముందుమాట రాసి 1866లో అచ్చు వేయించాడు. గోండి మాటలు ఇంగ్లీషు లిపిలో, వాటి అర్థం ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ చేయి పడకపోతే ఆ కాగితాలు ఏమయ్యేవో!

హిస్లాప్‌ను మనం దేవుడిని చేయనక్కర్లేదు. ఆయన వచ్చింది తన మతం చెప్పడానికి. మన పేన్‌లను ఆయన చూసింది బయటివాడి కళ్లతోనే. అయినా కూర్చుని విన్నాడు, విన్నది రాశాడు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. ఆ పుస్తకం ముఖపత్రం మీద హిస్లాప్ పేరుంది, టెంపుల్ పేరుంది. కథ చెప్పిన ప్రధాన్ పేరు లేదు. అసలు గ్రంథం ఆ ప్రధాన్ గొంతులో ఉంది. హిస్లాప్ దానికి రాయసగాడు మాత్రమే.

ఇప్పుడు మనకు బయటివాళ్ల కోసం ఎదురు చూసే అవసరం లేదు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల పుణ్యమా అని మన లిపి వెలుగులోకి వచ్చింది. 2018లో అది యూనికోడ్‌లోనూ చేరింది. ప్రతి చేతిలో ఫోన్ ఉంది. కానీ కిక్రి వాయించే పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఈ సంచిక చదివిన ప్రతి తమ్ముడూ, ప్రతి చెల్లీ తమ ఊరి ప్రధాన్ దగ్గర కూర్చుని, ఆయన ఒప్పుకుంటే, ఒక్క కథనైనా గోండిలో రికార్డు చేయాలని, రాయాలని కోరుతున్నాం. రాసిన కాగితం మీద మొదట కథ చెప్పిన వారి పేరు, ఊరు, సగ రాయండి. మీ పేరు ఆ తర్వాత.