పురుగుల కోసం సముద్రాలు దాటిన సర్వేయరు

తొలకరి పడగానే మన పల్లెల్లో పిల్లలు తుమ్మచెట్ల చుట్టూ తిరిగి జీరంగులు పట్టి అగ్గిపెట్టెల్లో దాచుకుంటారు. మేతగా తుమ్మాకు వేసి, మెడకు దారం కట్టి ఆడుకుంటారు. నాలుగు రోజులకు ముచ్చట తీరిపోతుంది. అలాంటి పెంకు పురుగుల మీద ఇరవయ్యొక్కేళ్ళ వయసులో మనసు పడి, తొంభై ఏళ్ళు బతికినా ఆ మోజు తీరని మనిషి ఒకాయన ఇంగ్లండులో ఉండేవాడు. పేరు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్. బడిలో డార్విన్ పాఠం చదివినవారికి ఈ పేరు ఒకసారైనా చెవిన పడే ఉంటుంది.

ఆయన 1823 జనవరి 8న వేల్స్ ప్రాంతంలో అస్క్ పట్టణం పక్క ఊళ్ళో పుట్టాడు. తండ్రి ఉన్న ఆస్తిని తెలిసీ తెలియని వ్యాపారాల్లో పెట్టి పోగొట్టుకున్నాడు. దాంతో పద్నాలుగో ఏట కొడుకు చదువు ఆగిపోయింది. తర్వాత ఏ కాలేజీ గడపా తొక్కలేదు. పెద్దన్న విలియం సర్వేయరు. 1837లో ఆయన వెంట గొలుసు పట్టుకుని పొలాలు కొలిచే పనిలో చేరాడు.

ఆ రోజుల్లో అక్కడ ఊరుమ్మడి బీళ్ళకు హద్దులు వేసి భూస్వాములపరం చేస్తుండేవారు. పేదవాడి ఆవు మేసే బీడు, పొయ్యిలోకి పుల్లలేరుకునే తుప్ప, గొలుసు పడ్డాక కంచె లోపలికి పోయేవి. కుర్రవాడైన వాలెస్‌కు అప్పట్లో అందులో తప్పు తోచలేదు. పని ఇచ్చారు, కొలిచాడు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

కొలతల కోసం కొండలూ గుట్టలూ తిరుగుతూ మొక్కలు గుర్తుపట్టడం నేర్చుకున్నాడు. 1844లో సర్వే పని తగ్గి, లెస్టర్ పట్టణంలో బడిపంతులుగా చేరాడు. అక్కడే హెన్రీ వాల్టర్ బేట్స్ అనే కుర్రవాడితో స్నేహం కుదిరింది. బేట్స్ తన పెట్టెలు తెరిచి గుండుసూదులు గుచ్చి వరుసగా పేర్చిన పెంకు పురుగులు చూపించాడు. ఒక ఊరి చుట్టూ ఎన్ని రకాలుంటాయని అడిగితే వాలెస్ యాభై అనో, మహా అయితే వంద అనో చెప్పి ఉండేవాడట. పది మైళ్ళ లోపల వెయ్యి రకాలుంటాయని తెలిసి నివ్వెరపోయాడు. అప్పటికప్పుడు ఒక సీసా, గుండుసూదులు, ఒక పెట్టె కొనుక్కున్నాడు.

1845లో అన్న చనిపోతే మళ్ళీ గొలుసు పట్టక తప్పలేదు. రైలుమార్గాలకు సర్వే చేసి ఆ డబ్బు దాచుకున్నాడు. 1848 ఏప్రిల్‌లో వాలెస్, బేట్స్ ఇద్దరూ ఓడెక్కి బ్రెజిల్ దేశంలోని అమెజాన్ అడవులకు బయలుదేరారు. వెనక తండ్రి సొమ్ము లేదు, సర్కారు సాయమూ లేదు. పట్టిన పురుగులనూ పక్షుల తోళ్ళనూ లండనులో శామ్యూల్ స్టీవెన్స్ అనే ఏజెంటుకు పంపాలి. ఆయన వాటిని మ్యూజియములకూ సరదాపడే ధనవంతులకూ అమ్మి, డబ్బు పంపాలి. తనకోసం మాత్రం వాలెస్ ఒక్కో రకంలో కొన్ని ఉంచుకునేవాడు. సరదాకి ఖర్చు సరదాయే సంపాదించుకోవాలన్నమాట.

నాలుగేళ్ళు తిరిగాడు. సాయానికి వచ్చిన తమ్ముడు హెర్బర్ట్ 1851లో పచ్చజ్వరంతో చనిపోయాడు. అన్న అప్పుడు ఎక్కడో నది ఎగువన ఉన్నాడు, కడచూపు దక్కలేదు. 1852 జూలైలో, దాచుకున్న పెట్టెలన్నీ హెలెన్ అనే ఓడకెక్కించి ఇంటికి బయలుదేరాడు. ఆగస్టు 6న నడిసముద్రంలో ఓడకు నిప్పంటుకుంది. చేతికి అందిన రేకుపెట్టెలో కొన్ని బొమ్మలూ కాగితాలూ వేసుకుని, తాడు పట్టుకుని పడవలోకి జారితే అరచేతుల తోలు ఊడిపోయింది. వెంట తెచ్చిన కోతులూ చిలకలూ కళ్ళముందే మాడిపోయాయి. నీళ్ళలో పడ్డ ఒక్క చిలక దక్కింది. పది రోజులు ఎండలో పడవలో కొట్టుకుపోయాక మరో ఓడ వచ్చి ఎక్కించుకుంది. అక్టోబరు 1న ఇంగ్లండు గట్టెక్కాడు. స్టీవెన్స్ ముందుచూపుతో సరుకుకు 200 పౌన్ల భీమా చేయించాడు కాబట్టి తిండికి ఇబ్బంది లేకపోయింది. తనకోసం దాచుకున్న పురుగులు మాత్రం ఏ భీమాతోనూ తిరిగి రావు.

కోతకొచ్చిన చేను వరదలో పోయినవాడికి ఆ బాధ తెలుస్తుంది. అలాంటివాడు మళ్ళీ నాగలి ఎందుకు పడతాడో చెప్పమంటే వాడూ చెప్పలేడు. ఇకమీదట సముద్రం మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న వాలెస్ రెండేళ్ళయినా తిరగకుండానే, 1854 ఏప్రిల్‌లో సింగపూరులో దిగాడు.

ఈసారి ఎనిమిదేళ్ళు. నేటి మలేషియా, ఇండోనేషియా దీవుల మధ్య పడవల మీద సుమారు 14,000 మైళ్ళు తిరిగాడు. బోర్నియోలో సిముంజన్ అనే చోట బొగ్గుగని కోసం అడవి కొడుతున్నారు. పడిన మానుల బెరడు కిందికీ రంపపుపొట్టు వాసనకూ పెంకు పురుగులు మూగేవి. వాలెస్ అక్కడ తిష్ఠవేసి, పురుగుకు ఒక సెంటు చొప్పున కూలీలకు ఇచ్చాడు. ఒక్క రోజున 76 రకాలు దొరికితే అందులో 34 ఆయన ఎన్నడూ చూడనివి. చదరపు మైలుకు మించని ఆ చోటునే ఇంచుమించు రెండు వేల రకాలు పోగుచేశాడు. అక్కడే ఒరాంగుటాన్లను కూడా కాల్చి చంపాడు. తల్లి చనిపోయిన ఒక పిల్లను తెచ్చి ఇంట్లో పెంచాడు కానీ, సుమారు మూడు నెలలకు అదీ పోయింది. ఇది చదువుతుంటే మనసు చివుక్కుమంటుంది. ఆ కాలంలో అది తప్పని ఎవరూ అనుకోలేదు. మన దేశంలో నేడు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద కొన్ని సీతాకోకచిలుకలను పట్టడం కూడా నేరమే.

పట్టడం కంటే కాపాడటం కష్టం. ఎండబెడదామంటే వాన. న్యూగినీలో ఒకచోట నల్లచీమలు ఇంటికప్పులో గూడు పెట్టి, ఆయన బల్ల మీద పని చేస్తుండగానే, అట్టకు అంటించిన పురుగులను పీక్కుపోయేవి. పక్షుల తోళ్ళమీద ఈగలు గుడ్లు పెట్టేవి. ఇన్నిటి మధ్య జ్వరాలు. సారవాక్‌లో వంటకు కుదిరిన ఆలీ అనే మలయా కుర్రవాడు పక్షులను కొట్టడం, తోలు తీసి సిద్ధం చేయడం నేర్చి కుడిభుజమయ్యాడు. వాలెస్ పేరుతో పోయిన పక్షుల్లో చాలా వాటిని కొట్టింది అతనే. 1907లో టెర్నేట్ దీవిలో ఒక అమెరికా శాస్త్రజ్ఞుడికి ఒక ముసలాయన ఎదురై తన పేరు ఆలీ వాలెస్ అని చెప్పాడు.

బచాన్ దీవిలో ఒక పెద్ద సీతాకోకచిలుక ఎత్తున ఎగురుతూ కనిపించి చిక్కలేదు. ఇక ఆశ లేదనుకున్నాక, 1859లో వలలో పడింది. నల్లని ముఖమల్ మీద నిప్పురంగు, రెక్కలు చాస్తే ఏడంగుళాల పైమాట. చేతిలోకి తీసుకోగానే గుండె దడదడలాడి, రక్తం తలకెక్కి, స్పృహ తప్పేంత పనయింది. ఆ రోజంతా తలనొప్పితో పడుకున్నాడు. ఒక పురుగు కోసమా అని నవ్వేవారు నవ్వవచ్చు.

మోజు ఒక్కటే అయితే ఆయన పేరు ఇన్నాళ్ళు నిలిచేది కాదు. పురుగు దొరికిన దీవి పేరు రాసి చీటీ పెట్టడం ఆయన పద్ధతి. చీటీ లేని పురుగు కన్నుకు ఇంపే గాని దానివల్ల తెలిసేది తక్కువ. ఆ చీటీలే ఆయనకు దారి చూపాయి. బాలి, లొంబోక్ దీవుల మధ్య ఉన్నది పాతిక మైళ్ళ లోపు సముద్రం. ఇవతల ఆసియా పక్షులు, అవతల ఆస్ట్రేలియా జాతివి. పొలాలకు హద్దులు గీసిన కన్ను జంతువుల హద్దును పట్టేసింది. దాన్ని నేటికీ వాలెస్ రేఖ అంటారు.

1858 ఫిబ్రవరిలో చలిజ్వరంతో మంచం పట్టి ఉండగా, బతుకు పోరులో నెగ్గగల లక్షణం ఉన్న జీవులే నిలిచి తమ లక్షణాలు పిల్లలకిస్తాయనీ, అలాగే కొత్త రకాలు పుడతాయనీ తట్టింది. రాసి డార్విన్‌కు పంపాడు. డార్విన్ ఇరవై ఏళ్ళుగా అదే మాట మీద పనిచేస్తూ ప్రచురించకుండా ఉన్నాడు. ఇద్దరి రాతలూ 1858 జూలై 1న లండను సభలో కలిపి చదివారు. వాలెస్ అప్పుడు దీవుల్లోనే ఉన్నాడు. తన వాటా కోసం ఏనాడూ తగవుపడలేదు.

1862లో ఇంటిదారి పట్టినప్పుడు రెండు బతికున్న స్వర్గపక్షులను వెంట తీసుకెళ్ళాడు. మన బొంబాయిలో వారం ఆగి వాటికి అరటిపళ్ళు కొన్నాడు. ఓడలోనూ, మాల్టాలో రొట్టెల దుకాణంలోనూ బొద్దింకలు పట్టి మేపి, రెంటినీ ప్రాణాలతో లండను చేర్చాడు. ఆ ఎనిమిదేళ్ళ పోగు మొత్తం 1,25,660. అందులో పెంకు పురుగులే 83,200, సీతాకోకచిలుకలూ చిమ్మెటలూ 13,100.

తర్వాతి కాలం డబ్బు విషయంలో కలిసిరాలేదు. పెట్టుబడులు మునిగాయి. 1870లో భూమి బల్లపరుపని వాదించే ఒకాయనతో 500 పౌన్ల పందెం కాసి, కాలువ మీద సర్వే చేసి గుండ్రమని రుజువు చేశాడు. ఫలితం, ఏళ్ళ తరబడి తిట్ల ఉత్తరాలు, కోర్టు ఖర్చులు. గెలిచినవాడు ఓడినట్లు అనే మన సామెతకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. చివరికి డార్విన్ పూనుకుని 1881లో ఏడాదికి 200 పౌన్ల సర్కారు పింఛను ఇప్పించాడు.

అదే ఏడు, భూమి జాతిపరం కావాలని కోరే సంఘానికి మొదటి అధ్యక్షుడయ్యాడు. ఒకప్పుడు తాను గొలుసు వేసి కొలిచిన బీళ్ళు పేదల నోటికాడి కూడని, ఆ పని చట్టం ముసుగులో దోపిడీయని బాహాటంగా రాశాడు.

1913 నవంబరు 7న బ్రాడ్‌స్టోన్‌లో కన్నుమూశాడు. అక్కడే సమాధి చేసి, పైన రాయిగా మారిన పాతకాలపు చెట్టు మాను నిలబెట్టారు. ఆయన పోగుచేసిన పురుగుల్లో ఎన్నో లండను మ్యూజియములో ఉన్నాయి.